ఇంజన్ పవర్ పెంచితే బండి గుట్ట ఎక్కుతుందా?

ఈ సంచికలో తీసుకున్న ఉత్తరాలు నాలుగూ బెంగళూరు నుంచి వచ్చినవే. వానలు తగ్గి, సకలేశ్‌పుర, చిక్కమగళూరు వైపు ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం అందే) బండ్లు బయలుదేరే రోజులు కనుక కాబోలు, అందరి ప్రశ్నా ఇంజన్ చుట్టూనే తిరుగుతోంది. మొదటి ఉత్తరానికి జవాబు కొంత పెద్దదయింది. మిగతా ముగ్గురు కూడా దాన్ని చదివి తమ జవాబుకు రావాలని కోరుతున్నాను, ఎందుకంటే అసలు లెక్క అక్కడే ఉంది.

ప్రశ్న: నా దగ్గర 2008 మోడల్ ఎంపీఎఫ్ఐ (ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే) మారుతీ జిప్సీ ఉంది. కంపెనీ టైర్లు తీసేసి 235/75 ఆర్15 సైజు టైర్లు వేయించాను. చూడటానికి బాగానే ఉంది గానీ, అప్పటి నుంచి బండికి పికప్ తగ్గింది. సకలేశ్‌పుర దగ్గర స్నేహితుల ఎస్టేట్‌లో ఒక రాళ్ల మిట్ట ఉంది. మిగతావాళ్ల బండ్లు ఎక్కుతాయి, నాది సగం దాకా పోయి నిలిచిపోతుంది. ఒక్కోసారి ఇంజన్ ఆగిపోతుంది, ఒక్కోసారి ఇంజన్ నడుస్తూనే ఉన్నా చక్రాలు ఉన్నచోటే తిరుగుతాయి. ఇక్కడి ట్యూనింగ్ షాపువారు హెడర్లు (ఇంజన్ నుంచి పొగను తెచ్చే గొట్టాలు), ఫ్రీఫ్లో సైలెన్సర్, కోన్ ఆకారపు గాలి ఫిల్టర్ పెట్టి ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) కూడా సరిచేస్తే 15 శాతం పవర్ పెరుగుతుందంటున్నారు. ఖర్చు లక్ష దాటుతుంది. మరొకరు టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో ఎక్కించే పరికరం) పెట్టించుకోమంటున్నారు. ఏది చేయించమంటారు?
— ఒక పాఠకుడు, వైట్‌ఫీల్డ్

జవాబు: మీరు రాసిన రెండు లక్షణాలను ముందు విడదీయాలి. ఇంజన్ ఆగిపోవడం అంటే చక్రం దగ్గరికి చేరే తోపు ఆ ఎత్తుకు చాలలేదని అర్థం. చక్రాలు ఉన్నచోటే తిరగడం అంటే తోపు ఉంది గానీ నేల మీద పట్టు లేదని అర్థం. రెండో సందర్భంలో ఇంజన్‌కు ఎంత పవర్ కలిపినా చక్రం ఇంకాస్త వేగంగా తిరుగుతుంది, గుంట ఇంకాస్త లోతవుతుంది, అంతకు మించి ఏమీ జరగదు. కనుక లక్ష రూపాయల మాట తర్వాత చూద్దాం. ముందు ఆ మిట్ట మీద మీ బండికి నిజంగా ఎంత కావాలో లెక్క వేద్దాం.

నలుగురు మనుషులతో మీ జిప్సీ బరువు 1,300 కిలోలు అనుకుందాం. మిట్ట వాలు 27 డిగ్రీలు, అంటే ప్రతి రెండు మీటర్లకు ఒక మీటరు ఎత్తు. నడిచి ఎక్కాలంటే చేతులు ఆనించవలసినంత నిటారు అది. వదులు నేల లాగుడును కూడా కలుపుకొని, ఆ వాలు మీద బండిని పైకి తోయడానికి సుమారు 6,270 న్యూటన్ల బలం కావాలి. గంటకు 5 కిలోమీటర్ల వేగంతో, అంటే మనిషి నడక వేగంతో ఎక్కితే అందుకు చక్రాల దగ్గర కావలసిన పవర్ సుమారు 12 హార్స్‌పవర్ మాత్రమే. మీ బండి కాగితాల్లో ఉన్నది 80 హార్స్‌పవర్. కనుక పవర్ మొత్తంగా తక్కువై బండి ఆగడం లేదు. ఉన్న పవర్ ఆ వేగంలో చక్రానికి అందడం లేదు.

ఎందుకు అందడం లేదో చూద్దాం. జిప్సీలోని 1.3 లీటర్ల, 16 వాల్వుల ఇంజన్ 80 హార్స్‌పవర్ ఇచ్చేది 6,000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) దగ్గర, తన గరిష్ఠ టార్క్ (తిప్పే బలం) 103 న్యూటన్ మీటర్లు ఇచ్చేది 4,500 ఆర్‌పీఎం దగ్గర. రాళ్ల మధ్య మీరు నడిపేది 1,000 నుంచి 2,000 ఆర్‌పీఎం లోపు. అక్కడ ఈ ఇంజన్ 80 న్యూటన్ మీటర్లు ఇస్తుందని లెక్క కోసం అనుకుందాం. ఫోర్ లో (నాలుగు చక్రాలకూ వేగం తగ్గించి బలం పెంచి ఇచ్చే గేరు) వేసి మొదటి గేరులో ఉన్నప్పుడు ఇంజన్ నుంచి చక్రం దాకా మొత్తం గేరింగ్ 30 రెట్లు, దారిలో గేర్ల రాపిడి వల్ల పోయేది 15 శాతం అనుకుంటే, చక్రాల దగ్గరికి చేరే టార్క్ సుమారు 2,040 న్యూటన్ మీటర్లు. కంపెనీ ఇచ్చిన 205/70 ఆర్15 టైరు వ్యాసం 668 మిల్లీమీటర్లు. దానితో ఈ టార్క్ 6,100 న్యూటన్ల పైచిలుకు తోపు అవుతుంది. ఆ మిట్టకు ఇది ఇంచుమించు సరిపోతుంది, కాస్త ఊపుతో వస్తే ఎక్కేస్తుంది. మీరు వేయించిన 235/75 ఆర్15 టైరు వ్యాసం 733 మిల్లీమీటర్లు. అదే ఇంజన్, అదే గేరు, కానీ తోపు 5,560 న్యూటన్లకు పడిపోతుంది. టైరు పెద్దదైన మేరకు గేరింగ్ దాదాపు 10 శాతం పలచబడింది. పికప్ తగ్గిందని మీరు అన్నది మీ భ్రమ కాదు. స్పీడోమీటరు 60 చూపినప్పుడు మీరు నిజానికి 66లో పోతున్నారు, అదీ ఇదే కారణం వల్లే.

ఇంకొక నష్టం కూడా ఉంది, దాన్ని బెంగళూరువాళ్లం తరచుగా మరిచిపోతాం. మన ఊరు సముద్ర మట్టానికి 920 మీటర్ల ఎత్తున ఉంది, సకలేశ్‌పుర కూడా దాదాపు అంతే ఎత్తు. ఆ ఎత్తులో గాలి సాంద్రత చెన్నైలో కంటే సుమారు 9 శాతం తక్కువ. టర్బో లేని ఇంజన్ పీల్చే గాలి ఆ మేరకు తగ్గుతుంది, పవర్ కూడా ఇంచుమించు అదే మేరకు తగ్గుతుంది. కొత్తగా ఉన్నప్పుడు 80 ఇచ్చిన ఇంజన్ ఇక్కడ 73కు దగ్గరలో ఉంటుంది. మీ ఇంజన్ కొత్తదీ కాదు.

ఇప్పుడు షాపువారు చెప్పిన 15 శాతం సంగతి. ఆ అంకె నిజమే అయినా, అది ఏ ఆర్‌పీఎం దగ్గర వస్తుందో తప్పకుండా అడగండి. హెడర్లు, వెడల్పాటి సైలెన్సర్ గొట్టాలు పొగను త్వరగా బయటికి పంపి ఇంజన్‌కు మేలు చేసేది 4,500 దాటిన తర్వాతే. కింది ఆర్‌పీఎంలో పొగ తక్కువగా వస్తుంది. గొట్టం మరీ వెడల్పయితే అక్కడ పొగ వేగం పడిపోయి, సిలిండర్‌ను శుభ్రంగా ఖాళీ చేసే ఊపు పోయి, ఉన్న టార్క్ కూడా కొంత తగ్గవచ్చు. మీకు పనికొచ్చే చోట తగ్గించి, పనికిరాని చోట పెంచే మార్పు అది. మొదటి గేరులో, ఫోర్ లోలో ఉండి 4,500 ఆర్‌పీఎం వాడుకోవాలంటే ఆ రాళ్ల మీదికి మీరు గంటకు 20 కిలోమీటర్ల వేగంతో దూసుకు పోవాలి. అలా పోయేవాళ్ల యాక్సిళ్లు, స్ప్రింగు పట్టాలు ఎన్నాళ్లు మన్నుతాయో ఏ షెడ్డులో అడిగినా చెబుతారు.

కోన్ ఫిల్టర్ వద్దని మాత్రం గట్టిగా చెబుతున్నాను. బానెట్ కింద పెట్టె లేకుండా పెట్టిన ఫిల్టర్ రేడియేటర్ వెనుక ఉన్న వేడి గాలిని పీలుస్తుంది, వేడి గాలి పలచన కనుక లాభం అక్కడే పోతుంది. అంతకంటే ముఖ్యమైనది దుమ్ము. ఎండాకాలంలో ఎస్టేట్ దారుల్లో ఒక రోజు తిరిగి వచ్చాక ఫిల్టర్ వెనుక ఉన్న రబ్బరు గొట్టం క్లిప్పు వదులు చేసి, లోపల తెల్లగుడ్డ చుట్టిన వేలు తిప్పి చూడండి. కంపెనీ కాగితపు ఫిల్టర్, దాని పెట్టె, సీలు సరిగా ఉన్న బండిలో గుడ్డ ఇంచుమించు శుభ్రంగా వస్తుంది. సరిగా నూనె పట్టించని కోన్ ఫిల్టర్ వెనుక ఎర్రటి సన్నని పొడి అంటుకుంటుంది. అది రింగుల మధ్య, సిలిండర్ గోడల మీద ఉప్పుకాగితంలా పనిచేస్తుంది. సిలిండర్లు అరిగి ఇంజన్ తొందరగా బోరుకు వస్తుంది.

టర్బో మాట వేరు. అది కింది ఆర్‌పీఎం నుంచే టార్క్ పెంచగలదు, అది నిజమైన లాభం. కానీ దానికి తగ్గట్టు పెట్రోలు సరఫరా, కంప్రెషన్, కూలింగ్, క్లచ్ అన్నీ మార్చాలి. ఈ బండి గేరుబాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనుక యాక్సిళ్లకు బలాన్ని పంచే గేర్ల పెట్టె), యాక్సిళ్లు 103 న్యూటన్ మీటర్ల ఇంజన్‌కు తగినట్టు చేసినవి. ఒకచోట బలం పెంచితే విరిగేది దాని వెనుక ఉన్న బలహీనమైన భాగం. అడవి దారి మధ్యలో యాక్సిల్ షాఫ్టు విరిగితే ఆ పవర్ ఎవరికి కావాలి? చట్టం సంగతి మూడో ఉత్తరంలో చెబుతాను.

మరి ఏం చేయాలి? ముందు ఆ ఇంజన్ ఎంత ఆరోగ్యంగా ఉందో తేల్చుకోండి. నాలుగు సిలిండర్ల కంప్రెషన్ చూపించండి. ఒకదానికొకటి ఎక్కువ తేడా ఉంటే బయటి హంగులన్నీ వృథా. ఇంజెక్టర్లు, ప్లగ్గులు, పెట్రోలు ప్రెషర్, క్లచ్ ప్లేటు, చక్రాలకు బ్రేకు పట్టేసి ఉందా అన్నది, సైలెన్సర్‌లోని క్యాటలిటిక్ కన్వర్టర్ మూసుకుపోయిందా అన్నది చూపించండి. ఈ వయసు బండిలో ఇవి సరిచేస్తే తిరిగి వచ్చే పవర్ చాలాసార్లు షాపువారు అమ్మే పవర్ కంటే ఎక్కువ ఉంటుంది, పైగా అది అన్ని ఆర్‌పీఎంలలోనూ వస్తుంది. రేడియేటర్‌లో బోరు నీళ్లు పోసే అలవాటు ఉంటే మానేయండి. మన నగరంలో బోరు నీళ్లు గట్టివి, గొట్టాల లోపల సున్నం కట్టి, నడక వేగంలో ఎక్కేటప్పుడు ఇంజన్ ఉడికిపోతుంది.

ఆ తర్వాత గేరింగ్. పెద్ద టైర్లే కావాలనుకుంటే పోయిన 10 శాతాన్ని గేర్లలో తిరిగి తెచ్చుకోవాలి. జిప్సీ బయటి దేశాల్లో సమురాయ్ పేరుతో అమ్ముడైన బండికి తోబుట్టువు. ఆ కుటుంబం బండ్లకు ట్రాన్స్‌ఫర్ కేసులో వేసుకునే తక్కువ నిష్పత్తి గేర్ల సెట్లు ప్రపంచమంతటా ఏళ్లుగా దొరుకుతున్నాయి. మన లెక్కలో 30 రెట్లను 36 రెట్లు చేస్తే, ఇంజన్‌ను ముట్టుకోకుండానే మీ పెద్ద టైర్లతో తోపు 5,560 నుంచి 6,670 న్యూటన్లకు చేరుతుంది. 20 శాతం లాభం, అదీ సరిగ్గా మీరు నడిపే ఆర్‌పీఎంలో. బండి మరింత నెమ్మదిగా నడుస్తుంది కనుక ఏ చక్రం ఏ రాయి మీద పెట్టాలో చూసుకునే వ్యవధి దొరుకుతుంది. క్లచ్ సగం తొక్కి నడిపే అవసరం పోతుంది. అదంతా వద్దనుకుంటే మార్గం ఇంకా సులువు: 205/70 సైజులోనే మంచి గళ్లున్న టైర్లు వేయించుకోండి.

చక్రాలు ఉన్నచోటే తిరగడం గురించి ఇంకా చెప్పాలి. రాళ్ల మిట్ట మీద ముందు ఎడమ చక్రం గుంటలో దిగి, వెనుక కుడి చక్రం గుంటలో దిగి, ఆ రెండూ ఇంచుమించు గాలిలో వేలాడే క్షణం వస్తుంది. ఈసారి మీ స్నేహితుణ్ణి పక్కన నిలబెట్టి చూడమనండి. మామూలు డిఫరెన్షియల్ (యాక్సిల్ మధ్య ఉండి బలాన్ని రెండు చక్రాలకూ పంచే గేర్లు) రెండు వైపులకూ సమానమైన టార్క్ ఇస్తుంది. గాలిలో ఉన్న చక్రానికి తిరగడానికి టార్క్ దాదాపు అక్కర్లేదు. కనుక నేల మీద ఆనిన చక్రానికి అందేది కూడా దాదాపు ఏమీ ఉండదు. అప్పుడు 80 హార్స్‌పవర్ ఉన్నా, 300 ఉన్నా ఫలితం ఒకటే. దీనికి మందు వెనుక యాక్సిల్‌లో లాకర్. అది రెండు చక్రాలనూ కలిపి తిప్పుతుంది. తడి ఎర్రమట్టి మీద పట్టు 0.3, 0.4 దగ్గరే ఉంటుంది. అంటే మీ 1,300 కిలోల బండి ఆ 27 డిగ్రీల వాలు మీద వాడుకోగలిగిన తోపు 3,400 నుంచి 4,560 న్యూటన్లే, ఇప్పుడున్న ఇంజన్ ఇచ్చేదాని కంటే తక్కువ. వాన పడిన రోజు ఆ మిట్ట ఎక్కనిది మీ టైర్లు, ఇంజన్ కాదు. టైర్ల గాలిని 18 పీఎస్ఐ దాకా తగ్గిస్తే టైరు కింది అచ్చు పొడవై పట్టు పెరుగుతుంది. దీనికి పైసా ఖర్చు లేదు, తారు రోడ్డు ఎక్కేముందు తిరిగి నింపుకోవడానికి ఒక చిన్న కంప్రెసర్ వెంట ఉంటే చాలు.

షాపువారు అడిగిన లక్షలో గేర్ల సెట్టుకో, లాకర్‌కో మొదటి వాయిదా కట్టండి. లాకర్, గేర్లు రెండింట్లో ఒకటే కుదిరితే, ఇంజన్ ఆగిపోవడం ఎక్కువసార్లా, చక్రాలు తిరగడం ఎక్కువసార్లా అన్నది చూసి తేల్చుకోండి.

ప్రశ్న: నాది 2021 మోడల్ థార్, డీజిల్, మాన్యువల్. ఈసీయూ రీమ్యాప్ చేయిస్తే 130 హార్స్‌పవర్‌ను 160 దాకా పెంచవచ్చంటున్నారు. నెలకొకసారి మదనపల్లె మీదుగా హార్స్‌లీ హిల్స్ పోతుంటాం. ఈ చలికాలం జైసల్మేర్ ఇసుక తిన్నెల మీద నడపాలని ఉంది. మీ అభిప్రాయం చెప్పండి.
— ఒక పాఠకుడు, బొమ్మనహళ్లి

జవాబు: పై ఉత్తరంలోని బండికీ మీ బండికీ ముఖ్యమైన తేడా ఉంది. మీ 2.2 లీటర్ల డీజిల్ ఇంజన్‌కు టర్బో ఉంది, 300 న్యూటన్ మీటర్ల టార్క్ ఉంది, అదీ తక్కువ ఆర్‌పీఎం నుంచే వస్తుంది. టర్బో డీజిల్‌లో రీమ్యాప్ అంటే టర్బో గాలి ఒత్తిడిని, ఇంజెక్టర్లు చిమ్మే డీజిల్‌ను పెంచడం. కనుక ఇక్కడ పెరిగే పవర్ కాగితం మీద ఉండిపోదు, నిజంగానే కాలి కింద తెలుస్తుంది. హార్స్‌లీ హిల్స్ ఘాట్‌లో మలుపు తిరిగి మూడో గేరులో ఎక్కేటప్పుడు, హైవేలో లారీని దాటేటప్పుడు మీకు సుఖంగా ఉంటుంది. అయితే రాళ్లలో, బురదలో ఏ మార్పూ కనబడదు. మీ బండికి ఫోర్ లోలో ఉన్న తోపు ఇప్పటికే టైరు పట్టుకు మించి ఉంది.

ఇసుక ఒక్కటే ఆఫ్‌రోడ్‌లో ఇంజన్ పవర్‌ను నిజంగా అడిగే నేల. తారు రోడ్డు మీద చక్రం దొర్లడానికి బండి బరువులో ఒకటిన్నర శాతం బలం చాలు. మెత్తటి ఇసుకలో అది 20 నుంచి 30 శాతం దాకా పోతుంది. మనుషులతో, సామానుతో 2,000 కిలోల బండిని 25 శాతం లాగుడున్న సమతల ఇసుకలో గంటకు 30 కిలోమీటర్ల వేగంతో నడపడానికే 55 హార్స్‌పవర్ దాకా ఖర్చవుతుంది. తిన్నె ఎక్కాలంటే అది ఇంకా పెరుగుతుంది. ఇసుకలో ఆగకూడదు కనుక వేగం తగ్గించి గేరింగ్‌తో సర్దుకునే వీలు అంతగా ఉండదు. అయినా నా సలహా మొదట టైర్ల గాలి మీదే. గాలి 15, 18 పీఎస్ఐ మధ్యకు తెస్తే టైరు ఇసుకలో దిగడం తగ్గి ఆ 25 శాతం లాగుడే తగ్గుతుంది. రీమ్యాప్ ఇచ్చే 30 హార్స్‌పవర్ కంటే ఇది ఎక్కువ పని చేస్తుందని నా దృఢమైన అభిప్రాయం. మీ 130 హార్స్‌పవర్ జైసల్మేర్‌కు సరిపోతుంది.

రీమ్యాప్ చేయించాలనే నిశ్చయించుకుంటే కొన్ని సంగతులు తెలిసి చేయించండి. మీది బీఎస్6 బండి. పొగగొట్టంలో మసిని పట్టే డీపీఎఫ్ ఉంది. డీజిల్ ఎక్కువ చిమ్మితే మసి ఎక్కువవుతుంది, డీపీఎఫ్ తనను తాను కాల్చి శుభ్రం చేసుకోవలసిన సందర్భాలు పెరుగుతాయి. దాన్ని తీసేసి ఖాళీ గొట్టం పెడతామనే షాపుకు మళ్లీ పోకండి. అది ఉద్గారాల నిబంధనలకు విరుద్ధం, మన పిల్లలు పీల్చే గాలికి ద్రోహం. టార్క్ పెరిగితే మొదట లొంగేది క్లచ్. నాలుగో గేరులో ఎత్తు ఎక్కుతూ యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఆర్‌పీఎం ముల్లు పైకి పోయి బండి వేగం పెరగకపోతే ప్లేటు జారుతోందని గుర్తు. ఇంజన్ సంబంధమైన వారంటీ దావా వచ్చినప్పుడు కంపెనీ రీమ్యాప్‌ను కారణంగా చూపి తిరస్కరించవచ్చు. ఇవన్నీ ఆలోచించి, ఘాట్ రోడ్డు సుఖం కోసమే చేయిస్తున్నానని మీకు మీరు చెప్పుకోగలిగితే చేయించుకోండి. ఆఫ్‌రోడ్ కోసమని మాత్రం చేయించకండి.

ప్రశ్న: మూడిగెరె దగ్గర మాకు చిన్న కాఫీ తోట ఉంది. నాన్నగారి కాలం నుంచి ఒక మహీంద్రా ఎంఎం540 జీపు నడుస్తోంది. ఇంజన్ బాగా అలిసిపోయింది. శివాజీనగర్ గుజిరీలో (పాత సామాన్ల బజారులో) తర్వాతి కాలపు సీఆర్‌డీఈ (కామన్ రైల్ డీజిల్) ఇంజన్ దొరుకుతుందని, అది పెడితే 100 దాటి హార్స్‌పవర్ వస్తుందని మెకానిక్ అంటున్నాడు. పెట్టించవచ్చా?
— ఒక పాఠకురాలు, జయనగర్

జవాబు: వద్దండీ, అమ్మా. మొదటి కారణం చట్టం. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా ఉండేలా బండిని మార్చడం యజమానికి నిషిద్ధం. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే విషయాన్ని స్పష్టం చేసింది. అదే ఏడాది చట్టంలో చేర్చిన 182ఎ సెక్షన్ ప్రకారం అనుమతి లేని మార్పుకు ఆరు నెలల దాకా జైలు గానీ, ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. గుజిరీలో దొరికే ఇంజన్ ఏ బండిదో, ఆ బండి ఎవరిదో తేలకపోతే అది ఇంకొక చిక్కు. రేపు ఆ జీపు వల్ల ప్రమాదం జరిగితే బీమా కంపెనీ వేసే మొదటి ప్రశ్న ఇంజన్ నంబరు గురించే.

రెండో కారణం జీపు. ఎంఎం540లో వచ్చిన 2.1 లీటర్ల ప్యూజో డీజిల్ ఇంజన్ 62 హార్స్‌పవర్‌ది. దాని బ్రేకులు, గేరుబాక్సు, యాక్సిళ్లు ఆ 62కు తగినవి. 100 దాటిన ఇంజన్ పెట్టి, పాత బ్రేకులతో చార్మాడి ఘాట్ దిగే బండిలో మీరు గానీ మీ తోటలో పనిచేసేవాళ్లు గానీ కూర్చోవడం నాకు ఇష్టం లేదు. తోట పనికి హార్స్‌పవర్ ఎంత తక్కువ చాలునో పాత థార్ డీఐ చూస్తే తెలుస్తుంది. దానికి ఉన్నది 63 హార్స్‌పవర్, 3,200 ఆర్‌పీఎం దగ్గర. జిప్సీ 80 కంటే తక్కువే, కానీ టార్క్ 180 న్యూటన్ మీటర్ల దరిదాపుల్లో ఉండి, అదీ కింది ఆర్‌పీఎంలో వచ్చేది కనుక మూటలు వేసుకొని దిన్నెలు ఎక్కేది.

మీ జీపు ఇంజన్‌నే బోరు చేయించి, పిస్టన్లు, రింగులు, బేరింగులు మార్పించి, డీజిల్ పంపు, నాజిళ్లు పంపు షాపులో క్యాలిబ్రేషన్ చేయించండి. జేసీ రోడ్డులో స్పేర్లు వెతికితే ఇప్పటికీ దొరుకుతాయి. డీజిల్ పంపు మాత్రం ఎక్కువ పొగ వచ్చేలా పెంచమని చెప్పకండి. నల్లటి పొగ అంటే కాలని డీజిల్, పవర్ కాదు. ఒకవేళ ఇంజన్ బ్లాకు పగిలి, అదే రకం మరో ఇంజన్ పెట్టించవలసి వస్తే, ముందుగా ఆర్టీవో అనుమతి తీసుకొని, బిల్లుతో కొని, కొత్త నంబరును ఆర్‌సీలో నమోదు చేయించుకోండి.

ప్రశ్న: మారుతీ జిమ్నీలో లద్దాఖ్ పోతున్నాం. పికప్ చాలదేమోనని భయంగా ఉంది. పెడల్‌కు అమర్చే థ్రాటిల్ కంట్రోలర్, 100 ఆక్టేన్ పెట్రోలు, స్నార్కెల్ — వీటిలో ఏది పవర్ పెంచుతుంది?
— ఒక పాఠకుడు, మారతహళ్లి

జవాబు: ఈ మూడింటిలో ఏదీ పెంచదు. థ్రాటిల్ కంట్రోలర్ మీరు పావు వంతు తొక్కితే సగం తొక్కినట్టు ఇంజన్‌కు చెబుతుంది. పూర్తిగా తొక్కినప్పుడు రెండూ ఒకటే. పైగా రాళ్ల మీద కాలు కాస్త అదిరినా బండి ఎగిరిపడుతుంది, అక్కడ మీకు కావలసింది మొద్దుగా, నిదానంగా స్పందించే పెడల్. ఎక్కువ ఆక్టేన్ పెట్రోలు ఇంజన్ నాకింగ్‌ను (సిలిండర్‌లో పెట్రోలు తనంతట తానే పేలి టకటక కొట్టుకోవడాన్ని) ఆపుతుంది. మామూలు పెట్రోలుకు తగినట్టు చేసిన టర్బో లేని ఇంజన్‌కు దానివల్ల చెప్పుకోదగ్గ లాభం లేదు. ఎత్తు పెరిగేకొద్దీ సిలిండర్‌లో ఒత్తిడి తగ్గి నాకింగ్ ఇంకా తగ్గుతుంది కనుక అక్కడ దాని అవసరం మరీ తక్కువ. స్నార్కెల్ అంటే ఇంజన్‌కు పైనుంచి గాలి తెచ్చే గొట్టం, దాని పని నీళ్లలో దిగినప్పుడు ఇంజన్ నీరు పీల్చకుండా కాపాడటం.

మీ భయానికి కారణం మాత్రం ఉంది. ఖార్దుంగ్ లా 5,359 మీటర్ల ఎత్తు. అక్కడి గాలి సాంద్రత సముద్ర మట్టం దగ్గర ఉండేదానిలో 60 శాతం కంటే తక్కువ. జిమ్నీ 1.5 లీటర్ల ఇంజన్ 105 హార్స్‌పవర్‌లో అక్కడ మీకు దక్కేది సుమారు 60, 134 న్యూటన్ మీటర్ల టార్క్‌లో దక్కేది సుమారు 77. ఇంత నష్టాన్ని బయట అతికించే ఏ పరికరమూ పూడ్చదు. పూడ్చేది మీ బండిలోనే ఉన్న ఫోర్ లో. కంకర దారిలో, మంచు కరిగిన బురదలో, ఎత్తు మీద ఆగి తిరిగి కదలవలసి వచ్చినప్పుడు క్లచ్ కాల్చుకుంటూ ఫోర్ హైలో పెనుగులాడకండి. బండి పూర్తిగా ఆపి, న్యూట్రల్ చేసి ఫోర్ లో వేసి కదలండి. గట్టి పొడి తారు మీద మాత్రం టూ హైలోనే (వెనుక రెండు చక్రాలే నడిపే స్థితిలో) ఉండండి, ఎందుకంటే అక్కడ ఫోర్ హైలో గానీ ఫోర్ లోలో గానీ నడిపితే ముందు, వెనుక యాక్సిళ్లు బిగిసిపోయి ట్రాన్స్‌ఫర్ కేసు మీద భారం పడుతుంది.

ఒక గేరు తక్కువలో, ఇంజన్‌ను 3,000 పైన తిప్పుతూ ఎక్కడానికి వెనుకాడకండి. ఈ ఇంజన్ గరిష్ఠ టార్క్ 4,000 ఆర్‌పీఎం దగ్గర ఉంది. ఆ మోత వింటే మొదట్లో కంగారుగా ఉంటుంది గానీ ఇంజన్‌కు హాని లేదు. పైన టాపు మీద కట్టాలనుకుంటున్న సామానులో అవసరం లేనివి ఇంట్లో వదిలేయండి. పలచటి గాలిలో ప్రతి 50 కిలోలు మీకు తెలుస్తాయి. బయలుదేరేముందు ఎయిర్ ఫిల్టర్ కొత్తది వేయించి, పాతది దులిపి ఒక సంచిలో పెట్టుకోండి. పాంగ్, నుబ్రా దారుల్లో దుమ్ము ఎక్కువ, అక్కడ మార్చుకోవలసిన అవసరం రావచ్చు.